మూల ఇంటి బొట్టు

వికారాబాదులో నేను పనిదొంగను, తాండూరులో బంగారాన్ని. ఈ రెండు ఊళ్ల మధ్య పాసింజరు బండిలో గంటో గంటన్నరో ప్రయాణం. ఆ కాసేపట్లో నా చేతులు మారలేదు, నా బుద్ధీ మారలేదు. బండి దిగేసరికి నన్ను చూసే కళ్లు మాత్రం మారిపోయేవి.

పనిదొంగ అన్న పేరు నాకు పోలీసు చర్య జరిగిన ఏడు పడింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఊళ్లో ఏమవుతుందోనని మా వాళ్లు గిన్నెలు, బట్టలు మూటలు కట్టుకొని అనంతగిరి అవతల చుట్టాల ఊరికి బయలుదేరారు. ఇల్లంతా ఉరుకులు. నన్ను జొన్నల మూట కట్టమని లోపలి అర్రలోకి పంపారు. అక్కడ చీకటిగా, చల్లగా ఉంది. మూట పక్కన కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను. అందరూ ఎడ్లబండెక్కాక చూసుకుంటే నేను లేను. మా అమ్మ లోపలికి వచ్చి రెక్క పట్టి లేపి బండి దగ్గరికి తీసుకొచ్చి, "ఊరు ఊరంత పానం అరచేత్ల పట్టుకుంటే నీకు నిద్రెట్ల వచ్చిందే" అన్నది. బండిలో ఉన్న పెద్దలంతా నవ్వారు. భయంలో వచ్చిన నవ్వు కాబట్టి గట్టిగా నవ్వారు.

ఆ తర్వాత నేను నీళ్లు తోడితే ఎవరి కంటా పడేది కాదు. ఒక్క పూట గోడకు ఆనుకుంటే మాత్రం అందరికీ కనిపించేది. కొన్నాళ్లకు నాకే అనిపించసాగింది, ఎట్లాగూ పనిదొంగనే కదా, కష్టపడి ఏం లాభం అని. నిజంగానే నా చేతులు మెల్లబడ్డాయి.

పెళ్లయి తాండూరు వచ్చిన రెండో రోజు, బంతిలో అన్నాలకు కూర్చున్న వాళ్లకు పప్పు వడ్డిస్తూ మా మామగారి విస్తరిలో వేయవలసింది బండల మీద పోశాను. పసుపుపచ్చటి కందిపప్పు నున్నటి బండ మీద జారి ఆయన ధోవతి అంచు దాకా పోయింది. భయం ఎక్కువైతే నాకు నవ్వు వస్తుంది, అది నా జబ్బు. నవ్వేశాను. ఆయన నా మొఖం చూసి తనూ నవ్వేశారు. మా అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి, "పోనియ్యండ్రి, కలుపుగోలు పిల్ల దొరికింది మనకు" అన్నారు.

అంతే. ఆ మాటతో నా బతుకు తిరిగింది. మర్నాటి నుంచి నేను ఏం చేసినా కలుపుగోలుతనమే. ఆలస్యంగా లేస్తే పసిపిల్ల. పాలు పొంగిస్తే ఇంటికి మంచిది. మంచిదాన్ని అని నలుగురూ అంటుంటే కాళ్లకు చక్రాలు వచ్చినట్టుండేది, ఎవరు పిలిచినా ఉరికేదాన్ని. పండక్కి వికారాబాదు పోతే మళ్లీ చేతులు మెల్లబడేవి. మా అమ్మ నిట్టూర్చి, "అత్తగారింట్ల ఎట్ల ఏగుతున్నరో నీతోని" అనేది. అక్కడ నన్ను నెత్తిన పెట్టుకుంటున్నారంటే నమ్మేది కాదు.

మా ఇంట్లో నాకంటే ముందు వచ్చిన కోడలు ఒకామె ఉంది. మా బావగారి భార్య, నాకు యారాలు. నాకంటే మూడేళ్ల ముందు సేడం దిక్కునుంచి కాపురానికి వచ్చింది. కన్నడం మాట్లాడే ఊరు. ఆమె తెలుగు మాట్లాడితే ప్రతి మాట చివరా 'రీ' అని సాగేది. తాండూరు సంతలో కన్నడం వినపడని రోజు లేదు, కానీ ఇంట్లో కోడలి నోట వినపడితే అది వేరు. వచ్చిన వారంలోనే ఆడపిల్లలు ఆమె వెనక చేరి ఆమె లాగే మాట్లాడి నవ్వుకున్నారట. ఆమె ఏడవలేదు, కసురుకోలేదు. నోరు మూసుకుంది. అవసరమైతే రెండు మాటలు, లేకుంటే అదీ లేదు.

మాట్లాడని మనిషి ఏమనుకుంటున్నదో మనకు తెలియదు కాబట్టి మనమే ఏదో ఒకటి అనుకుంటాం. మా వీధి వాళ్లు గర్వం అనుకున్నారు. గర్వం అని పేరు పడ్డాక ఆమె నిలబడితే గర్వం, కూర్చుంటే గర్వం. నేను పప్పు ఒలకబోస్తే కలుపుగోలు అయింది. అదే ఆమె చేతిలోంచి జారి ఉంటే విసిరికొట్టింది అనేవారు, నాకు అనుమానం లేదు. ఆమె చేసే జొన్నరొట్టె కాగితంలా పలచగా, పొయ్యి మీద బుడగలా పొంగేది. చేసేది ఆమె, వేడివేడిగా తెచ్చి వడ్డించేది నేను. తిన్నవాళ్లు వేళ్లు నాక్కుంటూ, "చిన్న కోడలు కడుపునిండ పెడ్తది" అనేవారు. ఆమె పొయ్యి ముందు కూర్చొని విని, తర్వాతి రొట్టె తట్టేది. నేను ఒక్కసారైనా రొట్టె అక్క చేసిందని చెప్పలేదు. చెప్పొద్దని కాదు. తోచలేదు.

ఇట్లా నాలుగేళ్లు గడిచాక మా ఆడబిడ్డ పెళ్లి కుదిరింది.

మా దిక్కు పెళ్లికి ఆడవాళ్లను పిలవడమంటే కుంకుమ బరిణె పట్టుకొని ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి చెప్పాలి. బొట్టు పడని ఇల్లు పిలుపు లేని ఇల్లే. వాళ్లు ఎంత దగ్గరి వాళ్లైనా గడప దాటి రారు, రాకపోవడమే కాదు, పదేళ్ల తర్వాత కూడా తలుచుకుంటారు. పసుపు దంచే ముందు రోజు మా అత్తగారు మా ఇద్దరికీ చెరొక బరిణె ఇచ్చారు.

"పెద్దదానా, నువ్వు స్టేషను దిక్కు పో. చిన్నదానా, నువ్వు మసీదు గల్లీ. మూలమీద పెద్దామె ఇల్లు మర్వకు, ముందు ఆమెకు పెట్టు" అన్నారు నాతో. ఆ మాట అంటుండగానే కుమ్మరి వచ్చి కుండల సంగతి అడిగాడు, ఆవిడ అటు తిరిగారు.

మూల ఇంటి పెద్దామె మా వీధికి పెద్ద ముత్తైదువ. ఆమె పసుపు కొమ్ము రోట్లో వేస్తే గాని ఏ ఇంట్లోనూ పసుపు దంచరు. ఆమె ఇల్లు మసీదు గల్లీ, స్టేషను బాట కలిసేచోట ఉంది. ఇటు నుంచి పోయినవాళ్లకూ అటు నుంచి పోయినవాళ్లకూ దారిలోనే పడుతుంది.

ఆ రోజు నేను ఇంటింటికీ పోవడం కాదు, ఊరేగినట్టే. బొట్టు పెడితే బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు, కూర్చోమనేవారు. "నువ్వొస్తే ఇల్లు కలకల్లాడ్తది" అని ఒకామె, "మీ అత్త ఏ పూలు పెట్టి పూజ చేసిందో" అని ఇంకొకామె. పెద్దామె ఇంటి ఎదురుగా ఉన్న ఖాలా తన గుమ్మంలోంచే పిలిచింది. ఖాలా అంటే వాళ్ల మాటలో పిన్ని, మేమంతా ఆమెను అట్లాగే పిలిచేవాళ్లం. బట్టల మీద జరీ పని చేసేది.

"బేటీ, ఇటు రా. ధూప్ చూడు ఎట్లుందో, మొకమంత ఎండకు కందిపోయింది. జర కూసో."

కూర్చున్నాను. ఆమె కుట్టిన దుపట్టా చూపించింది, పాన్ చుట్టి ఇచ్చింది. మా ఆడబిడ్డ ఏం చీర కట్టుకుంటుందో అన్నీ అడిగింది. ఎదురుగా పెద్దామె తలుపు ఓరగా వేసి ఉంది. నడుం వాల్చి ఉంటుంది, లేపడం ఎందుకు, పొద్దు వాలాక వద్దాం అనుకున్నాను. ఖాలా మాటల్లో పడి అక్కణ్ణుంచే వెనక్కి వచ్చాను.

పొద్దు వాలాక యాదికి రాలేదా అంటే, వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆడబిడ్డకు జడ వేస్తుంటే వచ్చింది. బరిణె గూట్లో కనిపిస్తోంది. మూల దాకా పోవడం ఎంతసేపు. కానీ కాళ్లు నొప్పిగా ఉన్నాయి, అప్పుడు నాలో ఒక మాట మెదిలింది. ఆమె నన్ను ఏమంటుంది, రేపు పొద్దున కనిపిస్తే నవ్వుతా, ఆమే నవ్వుతుంది, అనుకున్నాను. జడ అల్లడం ముగించి మల్లెపూలు పెట్టాను.

మర్నాడు పొద్దున వాకిట్లో రోలు కడిగి, పసుపు పూసి, రోకళ్లకు కంకణాలు కట్టి పెట్టారు. స్టేషను దిక్కు ఆడవాళ్లు వచ్చారు, మసీదు గల్లీ వాళ్లు వచ్చారు. మూల ఇంటి పెద్దామె రాలేదు. ఆమె రాలేదు కాబట్టి ఆమె వెనక ఉన్న ఏడెనిమిది ఇళ్ల వాళ్లూ రాలేదు. ఎండ ఎక్కుతోంది. మా అత్తగారు చాకలామెను పంపారు. ఆమె పోయి వచ్చి, నలుగురిలో చెప్పాలా వద్దా అని నీళ్లు నమిలి, చివరికి చెప్పింది.

"బొట్టు రాలేదంట దొరసాని. పిలవని పేరంటానికి వచ్చే అలవాటు నాకు లేదు అంటున్నది."

వాకిలి చల్లబడిపోయింది. అందరి కళ్లూ మా యారాలి మీదికి పోయాయి. నా మీదికి ఒక్క చూపు కూడా రాలేదు.

"ఏమే పెద్దదానా," అన్నారు మా అత్తగారు, "ఆమె గడప తొక్కితే నీ కాలరుగుతదా?"

"ఆ ఇల్లు నా వంతు కాదు అత్తమ్మా."

"మరెవరి వంతు? నా వంతా?"

మా యారాలు నా దిక్కు ఒక్కసారి చూసింది. కోపంగా కాదు. నేను ఏం చేస్తానో చూద్దామన్నట్టు. నేను వంగి రోట్లో పసుపు కొమ్ములు సర్దాను. అవి సర్దవలసిన అవసరం ఏమీ లేదు.

మా అత్తగారు తన నోటితోనే నాకు చెప్పిన మాట కుమ్మరి వచ్చిన గడబిడలో మరిచిపోయారు. "నీ పొగరు నా బిడ్డ పెండ్లి మీదికి తెచ్చినవ్" అన్నారు. "ఎల్లుండి ఐరేనికి నువ్వు ముందు నడువొద్దు. చిన్నది నడుస్తది."

ఐరేని అంటే కుమ్మరి ఇంటి నుంచి రంగులు వేసిన పెళ్లి కుండలను మేళంతో తేవడం. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం మొదటి కుండ పెద్ద కోడలు ఎత్తుకొని అందరికంటే ముందు నడవాలి. సేడం దిక్కునుంచి మా యారాలి తల్లి, అన్నదమ్ములు పెళ్లికి వస్తున్నారు. వాళ్లొచ్చేసరికి తమ బిడ్డ వెనక, చిన్న కోడలు ముందు నడుస్తుంటే, అత్తగారింట్లో ఆమెకు ఉన్న విలువ ఏపాటిదో ఎవరూ నోరు విప్పి చెప్పనక్కరలేదు. మా యారాలి మొఖం అప్పుడు మారింది. లేచి పెరట్లోకి పోయింది.

పెద్దామె లేకుండానే పసుపు ఎట్లాగో దంచారు. మధ్యాహ్నం పెరట్లోకి పోతే ఆమె ఎండబెట్టిన పప్పు చేటలోకి ఎత్తుతోంది.

"అక్కా, నేను చెప్త అత్తమ్మకు. మర్చింది నేను."

"చెప్పు" అన్నది, చేయి ఆపకుండా. "చెప్పి చూడు."

అప్పుడే చెప్పాను. వంటింట్లో మా అత్తగారు, ఆవిడ చెల్లెలు, చుట్టాల్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. అందరి ముందరే, మూల ఇల్లు నా వంతు, మర్చిపోయింది నేను, అక్క తప్పు లేదు అన్నాను. ఏడుపు కూడా వచ్చింది.

మా అత్తగారు నన్ను దగ్గరికి తీసుకొని కొంగుతో కళ్లు తుడిచారు. "చూసినవా చెల్లే," అన్నారు తన చెల్లెలితో, "యారాలి తప్పు మీదేసుకుంటున్నది. నా చిన్న కోడలి మనసు గిట్లుంటది."

"కాదు అత్తమ్మా, నిజంగ నేనే."

"నువ్వే, నువ్వే. పో, జర తిను."

నలుగురూ మెచ్చుకున్నారు. ఎంత గట్టిగా చెబితే అంత మెచ్చుకున్నారు. తలుపు దగ్గర మా యారాలు చేట పట్టుకొని నిలబడి ఉంది. పెరట్లోకి వచ్చాక, "అయిపాయెనా?" అన్నది. "పొద్దుగాల మంచిదానివి. ఇప్పుడు దేవతవైనవ్. ఇంకోసారి చెప్తే గుడి కడ్తరు నీకు."

నాలుగేళ్లలో ఆమె నాతో ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. నాకు నవ్వు వచ్చింది, భయం వల్ల వచ్చే నవ్వే. ఆమె నవ్వలేదు.

మర్నాడు పొద్దున బరిణె తీసుకొని మూల ఇంటికి పోయాను. పెద్దామె అరుగు మీద కూర్చొని ఆకు తుంపుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"పెద్దమ్మా, మొన్న నీకు బొట్టు పెట్టాల్సింది నేను. మర్చిపోయిన."

"నువ్వు మర్వలే" అన్నది ఆమె. "తలుపు సందుల్నుంచి చూసిన. ఖాలా ఇంట్ల కూసున్నవ్, నా దిక్కు చూసి లేచి పోయినవ్. మీ యారాలు వద్దన్నదేమో నీకు. భయపడకు, చెప్పు."

కళ్లతో చూసిన మనిషి కూడా నేను చేసిన తప్పును తీసుకుపోయి ఆమె మీద పెట్టింది. ఇట్లయితే నేను వంద ఇళ్లు తిరిగి చెప్పినా లాభం లేదని అప్పుడు తెలిసింది. మర్చిపోయాను అనే మాటే తప్పు, అది మంచివాళ్లు చెప్పే మాట. నేను మర్చిపోలేదు కదా.

"ఎవ్వరు వద్దనలే పెద్దమ్మా. సాయంత్రం యాదికొచ్చింది కూడ. కాళ్లు గుంజుతున్నయని రాలే. పెద్దామె నన్నేమంటది, నవ్వితే సరిపోతది అనుకున్న."

ఆకు తుంపడం ఆగింది. "ఏమనుకున్నవ్?"

మళ్లీ చెప్పాను.

"అంటే నేను అంత అగ్గువ దొరికిననా నీకు? ఒక్క నవ్వుకు?"

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. తాండూరు వచ్చిన తర్వాత ఎవరూ నన్ను అట్లా చూడలేదు. మా అమ్మ బండి దగ్గర చూసిన చూపు కంటే గట్టిగా తగిలింది. బరిణె మూత తీసి ముందుకు వంగితే ఆమె మొఖం వెనక్కి తీసుకుంది.

"నీ చేతి బొట్టు నాకొద్దు. మీ పెద్దదాన్ని తోలు. ఆమె పెడ్తే వస్త."

ఇంటికి పోయి మా యారాలితో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నమ్మలేదు. పెద్దామె అట్లా అన్నదని కాదు, నేను అట్లా చెప్పుకున్నానని. "నవ్వితే సరిపోతది అన్నవా? ఆమె ముంగటనే?" అని రెండుసార్లు అడిగింది.

"నేనెందుకు పోవాలె" అన్నది తర్వాత. "మర్చింది నువ్వు, మాట పడ్డది నేను. మళ్లీ పోయి దండం పెట్టేది కూడ నేనేనా?"

అందులో తప్పేముంది. నేను బరిణె ఆమె పక్కన పెట్టాను. కాసేపటికి ఆమె కాళ్లు కడుక్కొని చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "అమ్మ వాళ్లు సాయంత్రం బండికి దిగుతరు" అన్నది, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు.

ఆమె ముందు, నేను వెనక పోయాం. పెద్దామె బొట్టు పెట్టించుకుంది. పెట్టించుకొని, "ఏమే, నువ్వు మా వీధిల ఉండి ఏడేండ్లు. నీకు మాటలొస్తయా రావా?" అని అడిగింది.

"వస్తయి రీ," అన్నది మా యారాలు. "వినేటోళ్లు ఉంటే."

పెద్దామె ఆకు నోట్లో పెట్టుకోబోయి ఆగి, నవ్వింది. నోరు తెరిచి, భుజాలు కదిలేలా నవ్వింది. మా యారాలు ఆమెను చూస్తూ నిలబడింది, ఇది ఎగతాళా కాదా అని పరీక్ష చేస్తున్నట్టు. కాదని తేలేదాకా చూసి, తర్వాత పక్కన అరుగు మీద కూర్చుంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలియదు. నన్ను కూర్చోమనలేదు. ఎండలో నిలబడ్డాను.

పెద్దామె అప్పుడే లేచి మాతో మా ఇంటికి వచ్చింది. గడపలో నిలబడి మా అత్తగారిని పిలిచింది.

"వదినా, నా ఇల్లు దాటిపోయింది నీ చిన్న కోడలు. బద్ధకానికి. పెద్దదాన్ని ఎందుకు తిట్టినవ్?"

మా అత్తగారు నా మొఖం చూశారు. నేను చెప్పినప్పుడు అది నా మంచితనం. పెద్దామె చెబితే నిజం అయింది. మాట ఒకటే, చెప్పిన నోరు వేరు. మా అత్తగారికి అప్పుడు కుమ్మరి వచ్చిన పొద్దు కూడా యాదికి వచ్చినట్టుంది, చేతిలో ఉన్న గంటె కింద పెట్టి, "నేనే చెప్పిన కదా దీనికి, ముందు ఆమెకు పెట్టుమని" అన్నారు మెల్లగా. మా యారాలికి క్షమాపణ వంటిదేమీ చెప్పలేదు. మా దిక్కు అత్తలు చెప్పరు. "ఐరేనికి పట్టుచీర తియ్యి, సందుక్కుల ఉన్నది" అన్నారు ఆమెతో. అంతే చాలింది.

నాకు అంతా బాగానే అనిపించిందని చెబితే నమ్మకండి. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికైపోతుందని విన్నాను. నాకు కాలేదు. ఆ సాయంత్రం వడ్డిస్తుంటే మా అత్తగారు నన్ను చూసే చూపులో ఒక చిన్న వెనకాముందు వచ్చింది, ఈ పిల్ల ఇంకేం చేసి ఉంటుందో అన్నట్టు. అది నేను చాలాకాలం మోశాను. పెద్దామె ఆ తర్వాత ఎన్నో పెళ్లిళ్లలో కనిపించింది. పలకరించేది గాని, నన్ను చూసి ముందుగా నవ్వేది కాదు. ఆమె ఇంటికి పోయినప్పుడు నేను కొంచెం జాగ్రత్తగా, తక్కువగా మాట్లాడేదాన్ని. ఒకసారి ఆ గల్లీలో కొత్తగా వచ్చిన కోడలు, "ఆ ఇంటి చిన్నామెకు జర గర్వం" అన్నదట. విని నవ్వుకున్నాను, కానీ పూర్తిగా నవ్వు రాలేదు.

ఐరేని రోజు పొద్దున మేళం ముందు నడిచింది. దాని వెనక ముత్తైదువలు నాలుగు చెంగులూ తలల మీదికి ఎత్తి పట్టిన ఉల్లెడ గుడ్డ నీడలో మొదటి కుండ ఎత్తుకొని మా యారాలు, రెండోది ఎత్తుకొని నేను, తర్వాత మిగతావాళ్లు. వీధి పక్కన ఆమె తల్లి నిలబడి ఉంది, ముక్కున పెద్ద నత్తు, తలమీద ముసుగు. బిడ్డను చూసి పిలవలేదు, చేయి ఊపలేదు. కుండ మీద వేసిన జాజు గీతలనూ కింద బిడ్డ మొఖాన్నీ మార్చి మార్చి చూసింది. మా యారాలు తల్లిని చూసింది, చూడగానే ఆమె అడుగు పెద్దదైంది. ఉల్లెడ పట్టినవాళ్లు ఉరకవలసి వచ్చింది.

"ఓ పెద్ద కోడలా," అన్నది వెనక నుంచి పెద్దామె, రొప్పుతూ, "జర నిమ్మళంగ నడువు. మేమంతా నీ వయసోళ్లం కాదు."

ఆ గల్లీ ఆడవాళ్లు ఇంకో ఇద్దరు కూడా అందుకున్నారు. "ఆగు తల్లీ ఆగు" అని ఒకామె, "ఎవ్వరు గుంజుకపోరు నీ కుండ" అని ఇంకొకామె. ఏడేళ్లలో వాళ్లెవరూ ఆమెతో పరాచికం ఆడింది లేదు.

"రండ్రీ," అన్నది మా యారాలు, వెనక్కి తిరగకుండానే. "ఆగిన."

ఆగింది. అందరం ఆమెను అందుకున్నాం.